ప్రొడక్ట్ మేనేజర్ ఎంపిక: సాఫ్ట్‌వేర్ స్టార్టప్‌ల ముందున్న ప్రశ్నలు

సాఫ్ట్‌వేర్ స్టార్టప్‌లో ప్రొడక్ట్ మేనేజర్ కోడ్ రాయరు, అమ్మకాలు చూడరు. ఇంజినీర్లు వారికి రిపోర్ట్ చేయరు. అయినా ఏ ఫీచర్ ముందు రావాలి, ఏది ఆగాలి, ఏది అసలు కట్టకూడదు అనే నిర్ణయాలు చాలావరకు వారి చేతుల మీదుగానే సాగుతాయి. ఇరవై మంది పనిచేసే కంపెనీలో ఈ నిర్ణయాలు నాలుగైదు నెలల పాటు దారితప్పితే, ఆ కాలంలో ఇంజినీర్లకు ఇచ్చిన జీతమంతా ఎవరికీ అక్కరలేని పని మీద ఖర్చయినట్టే. పెద్ద కంపెనీ అలాంటి నష్టాన్ని తట్టుకుంటుంది. ఏడాదిన్నరకు సరిపడా డబ్బుతో నడిచే స్టార్టప్ తట్టుకోలేదు.

ఈ ఉద్యోగానికి మనిషిని ఎలా ఎంచాలన్న విషయం మీద గత పాతికేళ్ళలో పుస్తకాలు, శిక్షణ కార్యక్రమాలు, ఇంటర్వ్యూ పద్ధతులు ఎన్నో వచ్చాయి. ఉద్యోగుల ఎంపికపై మనస్తత్వ శాస్త్రజ్ఞులు దాదాపు శతాబ్దంగా చేస్తున్న పరిశోధన కూడా ఉంది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సంగతి తేటపడుతుంది. ఎంపిక చాలాసార్లు ఇంటర్వ్యూకు ముందే చెడిపోతుంది. ఏ నిర్ణయాలను కొత్త మనిషికి అప్పగిస్తున్నారో వ్యవస్థాపకులు తేల్చుకోకపోవడమే అందుకు ప్రధాన కారణం. అది తేలితే ఎవరిని పిలవాలి, ఏం అడగాలి, ఎంత ఇవ్వాలి అనే మిగతా ప్రశ్నలు దాన్ని బట్టి దారిలో పడతాయి.

పదవి పుట్టుక

ఈ పదవి మూలాలు సబ్బుల వ్యాపారంలో ఉన్నాయి. అమెరికాలోని ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ కంపెనీలో కామే సబ్బు ప్రచారం చూస్తున్న నీల్ మెకెల్రాయ్ 1931 మే నెలలో పై అధికారులకు ఒక ప్రతిపాదన రాశారు. ఒక్కో బ్రాండుకు దాని మంచిచెడ్డలన్నీ చూసుకునే బాధ్యులు ఉండాలని, అమ్మకాలు ఎక్కడ పడిపోతున్నాయో, ఎందుకు పడిపోతున్నాయో వాళ్ళే తెలుసుకుని సరిదిద్దాలని అందులో వాదించారు. బ్రాండ్ మేనేజర్ వ్యవస్థకు అది పునాది అయింది. మెకెల్రాయ్ ఆ తరవాత కంపెనీ అధ్యక్షుడయ్యారు, 1957లో అమెరికా రక్షణ మంత్రి పదవి చేపట్టారు. అదే కంపెనీలో పనిచేసి వచ్చిన స్కాట్ కుక్ 1983లో ఇన్‌ట్యూట్‌ను స్థాపించి, వినియోగదారుణ్ణి దగ్గరగా గమనించే అలవాటును సాఫ్ట్‌వేర్‌లోకి తెచ్చారు. ఆ సంస్థ సాఫ్ట్‌వేర్ క్వికెన్‌ను కొన్నవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి, వాళ్ళు దాన్ని ఎలా వాడుతున్నారో పక్కన కూర్చుని చూడటం ఇన్‌ట్యూట్ ఉద్యోగుల పనిలో భాగంగా ఉండేది.

మైక్రోసాఫ్ట్‌లో ఈ పదవి మరో దారిలో వచ్చింది. 1980ల మధ్యలో మెకింటాష్ కోసం ఎక్సెల్ తయారవుతున్నప్పుడు జేబ్ బ్లూమెంతాల్ ప్రోగ్రామర్లకూ మార్కెటింగ్ విభాగానికీ నడుమ నిలబడ్డారు. సాఫ్ట్‌వేర్ ఎలా ప్రవర్తించాలో వివరంగా రాసిపెట్టే పనిని భుజాన వేసుకున్నారు. అది ప్రోగ్రామ్ మేనేజర్ పదవిగా స్థిరపడింది. 1990లలో నెట్‌స్కేప్‌లో బెన్ హోరోవిట్జ్, డేవిడ్ వైడెన్ తమ సిబ్బంది శిక్షణ కోసం మంచి ప్రొడక్ట్ మేనేజర్‌కూ చెడ్డ ప్రొడక్ట్ మేనేజర్‌కూ తేడాలు చెబుతూ ఒక పత్రం తయారుచేశారు. ప్రొడక్ట్ మేనేజర్ తన ప్రొడక్టుకు సీఈఓ లాంటివారన్న మాట ఆ పత్రం ద్వారానే బాగా వ్యాపించింది. 2002లో గూగుల్‌లో మారిస్సా మేయర్ అసోసియేట్ ప్రొడక్ట్ మేనేజర్ కార్యక్రమాన్ని మొదలుపెట్టారు. అప్పుడే చదువు పూర్తిచేసిన కంప్యూటర్ సైన్స్ పట్టభద్రులను తీసుకుని, రెండేళ్ళ పాటు నిజమైన బాధ్యతలు ఇచ్చి తీర్చిదిద్దడం దాని పద్ధతి. గూగుల్ మ్యాప్స్ రూపకర్తల్లో ఒకరైన బ్రెట్ టేలర్ ఆ తొలి బృందాల నుంచి వచ్చినవారే.

ఇలా మార్కెటింగ్ నుంచి ఒక పాయ, సాఫ్ట్‌వేర్ ప్రవర్తనను నిర్దేశించే పని నుంచి ఒక పాయ, ఇంజినీరింగ్ నుంచి మరో పాయ వచ్చి కలిశాయి. నేటి గందరగోళానికి ఇదే మూలం. ఒకే కంపెనీలోని ముగ్గురు వ్యవస్థాపకులు మూడు పాయల్లోని మూడు రకాల మనుషుల్ని ఊహించుకుంటూ, ఉద్యోగ ప్రకటన మాత్రం ఒక్కటే ఇస్తారు.

పని హద్దులు

పక్కనున్న పదవులతో పోల్చితే ఈ పని హద్దులు స్పష్టమవుతాయి. ప్రాజెక్ట్ మేనేజర్ బాధ్యత ముందే ఖరారైన పనిని గడువులోగా, ఖర్చు మించకుండా పూర్తిచేయించడం. బిజినెస్ అనలిస్ట్ క్లయింటు అడిగినదాన్ని ఇంజినీర్లకు అర్థమయ్యేలా పత్రంగా రాస్తారు. ప్రొడక్ట్ ఓనర్ స్క్రమ్ పద్ధతిలో పుట్టిన పాత్ర. బృందం ముందున్న పనుల జాబితాను వరుసలో పెట్టడం దాని ముఖ్య విధి. ప్రొడక్ట్ మేనేజర్ ఈ మూడింటిలోనూ కొంత చేయవచ్చు. అయితే ఆ పని అసలు చేయదగినదేనా అన్న ప్రశ్నకు జవాబుదారీ వహించడం ఈ పదవికే ప్రత్యేకం.

హ్యూలెట్ ప్యాకర్డ్, నెట్‌స్కేప్, ఈబే సంస్థల్లో పనిచేసిన మార్టీ కేగన్ తన ‘ఇన్‌స్పైర్డ్’ పుస్తకం రెండో కూర్పులో ఈ జవాబుదారీని నాలుగు ప్రశ్నలుగా విడదీశారు. జనం దీన్ని కొంటారా లేక వాడతారా, వాడటం వాళ్ళకు తెలుస్తుందా, మనం దీన్ని కట్టగలమా, ఇది మన వ్యాపారానికి పొసగుతుందా అన్నవి ఆ నాలుగు. రెండో ప్రశ్న డిజైనర్‌ది, మూడోది ఇంజినీర్లది. మొదటిదీ చివరిదీ ప్రొడక్ట్ మేనేజర్ మోయాలి.

హైదరాబాద్ లాంటి నగరాల్లో ఈ తేడా పట్టుకోవడం చాలా అవసరం. ఇక్కడి సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల పునాది సేవల రంగం మీద పడింది. ఏం కట్టాలో విదేశీ క్లయింటు చెబుతాడు, ఎలా కట్టాలో ఇక్కడి బృందం చూసుకుంటుంది. బహుళజాతి కంపెనీలు నడిపే గ్లోబల్ కేపబిలిటీ సెంటర్లలోనూ ముఖ్య నిర్ణయాలు ప్రధాన కార్యాలయంలో జరిగి, ఇక్కడివాళ్ళకు అమలు బాధ్యత మాత్రమే మిగలడం చాలాచోట్ల ఉంది. అలాంటి చోట పదేళ్ళు ప్రొడక్ట్ మేనేజర్ హోదాలో ఉన్న మనిషి ఒక్క ఫీచర్‌నూ తన నిర్ణయంతో ఆపి ఉండకపోవచ్చు. మరో సేవల కంపెనీలో బిజినెస్ అనలిస్టుగా ఉన్నవారు క్లయింటుతో వాదించి, అనవసరమైన పనిని తప్పించి ఉండవచ్చు. రెజ్యూమేలో హోదా చూసి వడపోస్తే మొదటివారు లోపలికి వస్తారు, రెండోవారు బయటే మిగిలిపోతారు. ఏ హోదాలో ఉన్నారన్న దానికంటే ఏ నిర్ణయం తీసుకున్నారు, దాని ఫలితాన్ని ఎంతకాలం మోశారు అన్నది అడిగితేనే అసలు అనుభవం బయటపడుతుంది.

మొదటి నియామకం ఎప్పుడు

తొలినాళ్ళలో స్టార్టప్‌కు ప్రొడక్ట్ మేనేజర్ వ్యవస్థాపకులే. స్టార్టప్‌ల గురించి రాసే స్టీవ్ బ్లాంక్ 2005 నాటి తన పుస్తకంలో చేసిన ప్రధాన వాదన ఇదే: కస్టమర్ సమస్యను కనిపెట్టే పనిని వ్యవస్థాపకులు మరొకరికి అప్పగించలేరు, ఆఫీసు దాటి స్వయంగా బయటికి వెళ్ళాలి. రెడ్‌బస్ ఇందుకు మనవాళ్ళకు దగ్గరి ఉదాహరణ. 2005 దీపావళికి బెంగళూరు నుంచి ఇంటికి వెళ్ళడానికి బస్సు టికెట్ దొరకని ఫణీంద్ర సామా, ఆ సమస్య ఎక్కడుందో తెలుసుకోవడానికి మిత్రులతో కలిసి ట్రావెల్ ఏజెంట్ల దగ్గరకూ బస్సు ఆపరేటర్ల దగ్గరకూ తిరిగారు. ఏ బస్సులో ఎన్ని సీట్లు మిగిలాయో ఒకరికి తెలిస్తే మరొకరికి తెలియదన్న వాస్తవం అలా తిరిగినప్పుడే బోధపడింది. 2006లో మొదలైన సంస్థ ఆ అవగాహన మీదే నిలిచింది. అలాంటి తొలి అన్వేషణను జీతానికి వచ్చిన మనిషికి అప్పగిస్తే, నేర్చుకున్నది ఆ మనిషి దగ్గరే ఉంటుంది, కంపెనీని నడిపే నిర్ణయాలు మాత్రం ఆ జ్ఞానం లేనివారి చేతిలో ఉంటాయి.

మరీ తొందరపడితే ఒక చిక్కు, మరీ ఆలస్యమైతే ఇంకో చిక్కు. కొనేవాళ్ళు ఎవరో ఇంకా తేలని దశలో ప్రొడక్ట్ మేనేజర్‌ను తీసుకుంటే, వ్యవస్థాపకులు వారం వారం దిశ మారుస్తుంటారు, కొత్త మనిషి సమావేశాల నోట్సు రాస్తూ ఉండిపోతారు. ఆలస్యమైతే ప్రతి చిన్న సందేహానికీ ఇంజినీర్లు వ్యవస్థాపకుల కోసం ఎదురుచూడాల్సి వస్తుంది. ఆ వ్యవస్థాపకులేమో నిధుల సమీకరణలోనో పెద్ద కస్టమర్ దగ్గరో ఉంటారు. సేల్స్ వాళ్ళు ఒక మాట, సపోర్ట్ వాళ్ళు ఇంకో మాట ఇంజినీర్లకు నేరుగా చెప్పడం మొదలవుతుంది. ఒకే పనిని రెండుసార్లు చేసి పారేయడం పరిపాటి అవుతుంది. ఈ లక్షణాలు కనిపించినప్పుడు నియామకానికి వేళయినట్టు. ఆరేడుగురి నుంచి పదిమంది ఇంజినీర్లకు ఒక ప్రొడక్ట్ మేనేజర్ అన్న లెక్క పరిశ్రమలో వాడుకలో ఉంది గాని, దాన్ని నియమంగా తీసుకోకూడదు. బ్యాంకులకు సాఫ్ట్‌వేర్ చేసే కంపెనీకీ డెవలపర్లు వాడే ఉపకరణాలు చేసే కంపెనీకీ అవసరం ఒక్కలా ఉండదు. డెవలపర్ల ఉపకరణాల విషయంలో ఇంజినీర్లే వినియోగదారులు కాబట్టి వాళ్ళు చాలాకాలం తమ పని తామే నడుపుకోగలరు.

నియామకానికి ముందు వ్యవస్థాపకులు ఒక పేజీ రాసుకోవడం ఎంతో మేలు చేస్తుంది. ప్రొడక్ట్ మేనేజర్ ఎవర్నీ అడగకుండా తీసుకోగల నిర్ణయాలు ఏవి, సంప్రదించి తీసుకోవలసినవి ఏవి, వ్యవస్థాపకుల దగ్గరే ఉండిపోయేవి ఏవి అని మూడు భాగాలుగా ఆ పేజీ ఉంటే చాలు. ధర ఎవరు నిర్ణయిస్తారు? పెద్ద కస్టమర్ అడిగిన ప్రత్యేక ఫీచర్‌కు కాదని ఎవరు చెబుతారు? రిలీజ్ తేదీని వెనక్కి జరిపే అధికారం ఎవరిది? ఈ మూడు ప్రశ్నల్లాంటి వాటికి జవాబు రాయలేకపోతే నియామకాన్ని వాయిదా వేయడమే మంచిది. మొదటి భాగం ఖాళీగా మిగిలితే కంపెనీకి కావలసింది ప్రాజెక్ట్ మేనేజర్ లేదా సహాయకుడు అని తేలుతుంది. ఆ పనికీ మంచివాళ్ళు దొరుకుతారు, జీతమూ తక్కువే అవుతుంది.

ఎక్కడి నుంచి వస్తారు

అభ్యర్థులు ప్రధానంగా ఐదు వైపుల నుంచి వస్తారు. ఇంజినీరింగ్ నుంచి వచ్చేవారికి ఏ పనికి ఎంత శ్రమ పడుతుందో తెలుసు, ఇంజినీర్ల గౌరవం త్వరగా దొరుకుతుంది. సమస్యను అర్థం చేసుకోకముందే పరిష్కారంలోకి దూకడం వీరిలో కొందరి బలహీనత. సపోర్ట్, ఇంప్లిమెంటేషన్ విభాగాల నుంచి వచ్చేవారు కస్టమర్ బాధను రోజూ విన్నవారు. వ్యాపార సాఫ్ట్‌వేర్ చేసే స్టార్టప్‌లు తమ సొంత సపోర్ట్ బృందంలోనే ఉన్న ఇలాంటి మనిషిని గమనించకుండా బయట వెతకడం తరచూ జరిగే పొరపాటు. మేనేజ్‌మెంట్ కళాశాలల నుంచి వచ్చేవారికి మార్కెట్‌నూ లెక్కలనూ కలిపి చూసే శిక్షణ ఉంటుంది, సాఫ్ట్‌వేర్ తయారీలో చేయి తిరిగి ఉండకపోవచ్చు. పెద్ద టెక్ కంపెనీల నుంచి వచ్చేవారు క్రమశిక్షణ తెస్తారు. అయితే డేటా విశ్లేషకులు, యూజర్ రీసెర్చర్లు, సిద్ధంగా ఉన్న కోట్ల వినియోగదారులు లేని చోట వారి పద్ధతులు కొన్ని పనిచేయవు. సొంత స్టార్టప్ నడిపి మూసేసినవారు అయిదో వర్గం. స్వతంత్రంగా పనిచేయడం వీరికి అలవాటే, మరొకరి నిర్ణయానికి లోబడి పనిచేయగలరా అన్నది చూడాలి.

తాజా పట్టభద్రులను తీసుకుని తీర్చిదిద్దే గూగుల్ పద్ధతిని ఫేస్‌బుక్ సహా ఎన్నో సంస్థలు అనుసరించాయి, భారతీయ కంపెనీలూ అలాంటి కార్యక్రమాలు నడిపాయి. ఆ పద్ధతి ఫలించాలంటే నేర్పే సీనియర్లు ఉండాలి. మొదటి ప్రొడక్ట్ మేనేజర్‌నే కొత్త పట్టభద్రుణ్ణి తీసుకుంటే ఆ యువకుడికి లేదా యువతికి నేర్పేవారు ఉండరు, కంపెనీకి అనుభవమూ రాదు. మూడో నాలుగో నియామకం నుంచి ఈ దారి మంచి ఫలితమిస్తుంది.

ఏ గుణాలు వెతకాలి

కంప్యూటర్ సైన్స్ డిగ్రీ తప్పనిసరా అన్నది పాత వాదం. గూగుల్ చాలాకాలం సాంకేతిక నేపథ్యానికి పెద్దపీట వేసింది, వినియోగదారుల మార్కెట్‌లో ఉన్న అనేక సంస్థలు అంత పట్టుబట్టలేదు. జవాబు ప్రొడక్టును బట్టి మారుతుంది. డేటాబేస్ అమ్మే కంపెనీలో ఇంజినీరింగ్ తెలియనివారు కస్టమర్ మాటనే అర్థం చేసుకోలేరు. ఇంటి సరుకుల డెలివరీ యాప్‌లో వినియోగదారుల అలవాట్లు, గోదాము నిర్వహణ అంతకంటే ముఖ్యం. ఏ చోటైనా కనీసంగా కావలసింది ఒకటుంది. ఇంజినీర్ ఒక పని కష్టమని చెప్పినప్పుడు ఎందుకు కష్టమో అడిగి, జవాబు విని, దాన్ని బట్టి తన ప్రణాళికను మార్చుకోగలగాలి.

రంగ పరిజ్ఞానం గురించీ ఇలాంటి వాదమే ఉంది. వైద్యం, బీమా, పన్నులు వంటి చట్టాలతో ముడిపడిన రంగాల్లో అది తెలియకపోతే మొదటి ఏడాదంతా నేర్చుకోవడానికే పోతుంది. మిగతా రంగాల్లో చురుకైన మనిషి ఆరు నెలల్లో నేర్చుకుంటాడు. నేర్చుకోలేనివీ నేర్పడం కష్టమైనవీ వేరే ఉన్నాయి. అరకొర సమాచారంతో నిర్ణయం తీసుకుని, కొత్త ఆధారం వస్తే మొహమాటం లేకుండా దాన్ని మార్చుకోవడం ఒకటి. అధికారం లేకుండా ఒప్పించగలగడం రెండోది. మూడోది స్పష్టంగా రాయడం. అమెజాన్ 2004లో సీనియర్ల సమావేశాల్లో స్లయిడ్లకు బదులు వచనంలో రాసిన పత్రాలను తప్పనిసరి చేసింది. వాక్యంగా రాసినప్పుడు ఆలోచనలోని లొసుగు దాగదన్నది అందులోని తర్కం. చిన్న కంపెనీకి ఈ నైపుణ్యం ఇంకా ఎక్కువ పనికొస్తుంది, ఎందుకంటే అక్కడ రాసిపెట్టే మనిషి తరచూ ఒక్కరే ఉంటారు. ఇంగ్లిషు ధారాళంగా మాట్లాడటాన్ని ఈ స్పష్టతగా పొరబడకూడదు. తెలుగు మాధ్యమంలో చదివి వచ్చిన అభ్యర్థి తడబడుతూ మాట్లాడినా, రాసిన రెండు పేజీల్లో ఆలోచన నిక్కచ్చిగా ఉండవచ్చు.

పరీక్షా పద్ధతులు: పరిశోధన ఏం చెబుతోంది

ఏ పరీక్ష రేపటి పనితీరును ముందుగా పట్టిస్తుందన్న ప్రశ్నపై ఫ్రాంక్ ష్మిట్, జాన్ హంటర్ 1998లో ప్రచురించిన సమీక్ష 85 ఏళ్ళ పరిశోధనలను క్రోడీకరించింది. పరీక్ష ఫలితానికీ తరవాతి పనితీరుకూ ఉన్న సంబంధాన్ని వారు సున్నా నుంచి ఒకటి వరకు ఉండే కొలతతో చెప్పారు. పని నమూనా పరీక్షలకు 0.54, ముందే ఖరారు చేసిన ప్రశ్నలతో సాగే ఇంటర్వ్యూలకు 0.51, ఇష్టం వచ్చినట్టు సాగే ఇంటర్వ్యూలకు 0.38 వచ్చాయి. 2022లో పాల్ సాకెట్, ఆయన సహపరిశోధకులు ఆ లెక్కల్లోని గణాంక సవరణలు అతిగా ఉన్నాయని చూపించి తిరిగి అంచనా వేశారు. కొత్త లెక్కలో ప్రశ్నలు ఖరారైన ఇంటర్వ్యూ 0.42తో ముందు వరుసలో నిలిచింది. పని నమూనా 0.33కు, ఇష్టారాజ్యపు ఇంటర్వ్యూ 0.19కి దిగాయి. ఈ పరిశోధనలు ప్రొడక్ట్ మేనేజర్ల మీద ప్రత్యేకంగా చేసినవి కావు, అన్ని రకాల ఉద్యోగాలకు చెందినవి. అయినా రెండు అంచనాలూ ఒక విషయంలో ఏకీభవిస్తున్నాయి. అభ్యర్థులందరినీ ఒకే ప్రశ్నలు అడిగి, ఒకే కొలతతో మార్కులు వేస్తే, ముచ్చట్లలా సాగే సంభాషణ కంటే ఎంతో మెరుగైన ఫలితం వస్తుంది. ఏ పరీక్షా ఒకటికి దగ్గరగా రాలేదన్నదీ గుర్తుంచుకోవలసిన విషయమే. ఎంత జాగ్రత్తగా ఎంచినా కొన్ని నియామకాలు తప్పుతాయి.

ఒకే కొలతతో విడివిడిగా మార్కులు వేసే పద్ధతికి పాత ఉదాహరణ ఇజ్రాయెల్ సైన్యంలో ఉంది. 1950ల మధ్యలో అక్కడ యువ సైనికాధికారిగా ఉన్న డేనియల్ కానమన్, సైనికుల ఎంపిక ఇంటర్వ్యూను ఆరు లక్షణాలుగా విడగొట్టారు. ఒక్కో లక్షణానికి సంబంధించిన వాస్తవాలు అడిగి, దానికి మార్కు వేశాకే తరవాతి లక్షణానికి వెళ్ళాలన్నారు. తమను యంత్రాలుగా మారుస్తున్నారని ఇంటర్వ్యూ చేసేవాళ్ళు నొచ్చుకున్నారు. ఫలితాలు మాత్రం పాత పద్ధతి కంటే మెరుగయ్యాయి. అన్ని మార్కులూ వేశాక చివర్లో తమకు కలిగిన మొత్తం అభిప్రాయానికీ ఒక మార్కు వేయమంటే, ఆ మార్కు కూడా ఉపయోగపడింది. వివరాలు విడివిడిగా చూశాక కలిగే అభిప్రాయానికి విలువ ఉంది. గదిలోకి రాగానే కలిగే అభిప్రాయంతోనే ప్రమాదం.

ఒక నగరంలో ఎన్ని పెట్రోలు బంకులు ఉంటాయి వంటి చిక్కు ప్రశ్నలు ఒకప్పుడు ఈ ఇంటర్వ్యూల్లో బాగా చలామణి అయ్యాయి. అవి దేన్నీ పట్టివ్వవని, కాలహరణమేనని గూగుల్ మానవ వనరుల అధిపతి లాస్లో బాక్ 2013లో బహిరంగంగా చెప్పారు. నాలుగు ఇంటర్వ్యూలు దాటాక అదనంగా తెలిసేది బహు స్వల్పమని కూడా గూగుల్ తన సొంత లెక్కల్లో గమనించింది. ఏడెనిమిది విడతలు నడిపే స్టార్టప్ మంచి అభ్యర్థిని ఈలోగా మరో కంపెనీకి వదులుకుంటుంది.

ఇంకో మార్పు కూడా వచ్చింది. 2013లో గేల్ లాక్‌మన్ మెక్‌డోవెల్, జాకీ బవారో రాసిన పుస్తకం వంటివి వెలువడ్డాక ఇంటర్వ్యూ తయారీ ఒక శిక్షణ రంగమైంది. తమకు నచ్చిన యాప్ ఏది, దాన్ని ఎలా మెరుగుపరుస్తారు లాంటి ప్రశ్నలకు జవాబు చట్రాలు కంఠస్థం చేసి వచ్చేవారు పెరిగారు. అలాంటి ప్రశ్న ఇప్పుడు ఎవరు ఎక్కువ సాధన చేశారో చెబుతుంది, ఎవరి వివేచన పదునైనదో చెప్పదు.

పని నమూనా ఎలా ఉండాలి

మంచి పని నమూనా ఆ కంపెనీలో నిజంగా ఎదురయ్యే పరిస్థితికి దగ్గరగా ఉంటుంది. మందుల షాపులకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేసే ఒక స్టార్టప్‌ను ఊహిస్తే విషయం తేలిగ్గా తెలుస్తుంది. అభ్యర్థికి చిన్న షాపుల యజమానుల ఫిర్యాదులు పది ఇస్తారు. గడువు తీరిన మందుల స్టాకు సరిగా చూపడం లేదన్నది వాటిలో ఎక్కువ. ముప్పై శాఖలున్న ఒక గొలుసు దుకాణం తనకు ప్రత్యేకంగా రిపోర్టు కావాలంటోందని సేల్స్ నోట్ ఉంటుంది. పాత కోడ్‌ను సరిచేయకపోతే నెలాఖరులో సాఫ్ట్‌వేర్ మొరాయిస్తుందని ఇంజినీరింగ్ హెచ్చరిక ఉంటుంది. చేతిలో ఉన్నది ఆరు వారాలు, నలుగురు ఇంజినీర్లు. ఏం చేస్తారు, ఏం చేయరు, చేయనిదాన్ని ఎవరికి ఎలా చెబుతారు అని అడుగుతారు.

ఇందులో ఒకే సరైన జవాబు లేదు. చూడవలసింది మూడు విషయాలు. ఫిర్యాదుల వెనకున్న అసలు సమస్యను వెతికారా, లేక ఎక్కువసార్లు వినిపించినదాన్నే ఎత్తుకున్నారా? తమకు తెలియనిదేమిటో గుర్తించి, దాన్ని చవకగా తెలుసుకునే మార్గం చెప్పారా? ఇంటర్వ్యూ మధ్యలో కొత్త వాస్తవం ఇస్తే, ఉదాహరణకు ఆ గొలుసు దుకాణం వాటా కంపెనీ ఆదాయంలో నాలుగో వంతు అని చెబితే, ముందు చెప్పినదాన్ని తర్కంతో సవరించుకున్నారా? ఈ మూడో భాగం ముఖాముఖి జరగాలి. ఇంటికిచ్చే రాత పనిని ఇప్పుడు కృత్రిమ మేధ సాధనాలతో నిమిషాల్లో నున్నగా తయారుచేయవచ్చు. రాసినదాన్ని కూర్చుని ప్రశ్నించినప్పుడే ఆలోచన ఎవరిదో తెలుస్తుంది.

అభ్యర్థి సమయాన్ని గౌరవించడం ఇందులో విడదీయరాని భాగం. నమూనా పని రెండు మూడు గంటలకు మించకూడదు. కంపెనీ తన నిజమైన రోడ్‌మ్యాప్ సమస్యలను ఉచితంగా చేయించుకుని, ఆ ఆలోచనలను వాడుకుని, అభ్యర్థికి జవాబు కూడా ఇవ్వకపోవడం అన్యాయం. రెండు మూడు గంటలకు మించిన పని అడగక తప్పకపోతే తగిన రుసుము చెల్లించాలి.

పక్షపాతం, పాత సహచరుల మాట

వ్యక్తుల పేరు, ఊరు, కళాశాల చూసి ముందే ఒక అంచనాకు రావడం మనుషుల స్వభావంలో ఉంది. సుఖదేవ్ థోరట్, పాల్ ఆట్‌వెల్ 2007లో ప్రచురించిన అధ్యయనంలో సమాన అర్హతలతో, వేర్వేరు కుల, మత సూచకమైన పేర్లతో భారతీయ ప్రైవేటు కంపెనీలకు దరఖాస్తులు పంపారు. దళిత, ముస్లిం పేర్లున్న దరఖాస్తులకు పిలుపులు తక్కువగా వచ్చాయి. స్టార్టప్‌లలో నియామకాలు ఎక్కువగా పరిచయస్తుల ద్వారా, ఫలానా ఐఐటీ లేదా ఐఐఎం సమూహాల ద్వారా జరుగుతాయి కాబట్టి ఈ ప్రమాదం మరింత దగ్గరగా ఉంటుంది. ప్రొడక్టును వాడబోయేది జనగామలోనో నరసరావుపేటలోనో ఉన్న చిరు వ్యాపారి అయినప్పుడు, ఆ జీవితాన్ని దగ్గరగా ఎరిగిన మనిషిని కళాశాల పేరు చూసి పక్కన పెట్టడం వ్యాపారపరంగానూ నష్టమే. మొదటి వడపోతలో పేరు, కళాశాల కప్పిపెట్టి ఒక పేజీ రాత జవాబును చదవడం, ఇంటర్వ్యూ చేసినవాళ్ళు ఒకరితో ఒకరు మాట్లాడుకోకముందే తమ మార్కులు రాసి ఇవ్వడం దీనికి అందుబాటులో ఉన్న మందులు.

పాత సహచరుల అభిప్రాయం తీసుకునేటప్పుడు పై అధికారి ఒక్కరి మాట చాలదు. ప్రొడక్ట్ మేనేజర్ ఎలాంటివారో ఇంజినీర్లకు, డిజైనర్లకు, సేల్స్ వాళ్ళకు బాగా తెలుస్తుంది. మంచివారా అని అడిగితే మర్యాదపూర్వకమైన జవాబే వస్తుంది. వారు ఏ పనిని ఆపారు, ఆపినప్పుడు జట్టు ఎలా స్పందించింది, మళ్ళీ వారితో పనిచేస్తారా అని అడిగితే వివరాలు వస్తాయి. అభ్యర్థి ప్రస్తుత కంపెనీలో వారికి తెలియకుండా వాకబు చేయడం వారి ఉద్యోగానికే ముప్పు తెస్తుంది. అది చేయకూడదు.

జీతం, వాటా, నోటీసు గడువు

పెద్ద కంపెనీ ఇచ్చే జీతాన్ని స్టార్టప్ ఇవ్వలేదు. ఆ తేడాను కంపెనీ వాటాలు కొనుక్కునే హక్కుతో, అంటే ఈసాప్‌లతో పూరిస్తుంది. నాలుగేళ్ళలో దఫదఫాలుగా చేతికొచ్చేలా, మొదటి ఏడాది నిండకుండా వెళ్ళిపోతే ఏమీ రాకుండా వీటిని రూపొందించడం వాడుక. భారతదేశంలో వాటాలను కొనుక్కున్నప్పుడే, అవి అమ్ముడుపోకముందే, వాటి మార్కెట్ విలువకూ చెల్లించిన ధరకూ ఉన్న తేడాను జీతంలో భాగంగా లెక్కించి పన్ను వేస్తారు. చేతికి డబ్బు రాకుండానే పన్ను కట్టాల్సిన ఈ ఇబ్బందిని 2020 ఫైనాన్స్ చట్టం కొంత సడలించింది. పన్ను మినహాయింపుకు అర్హత పత్రం పొందిన స్టార్టప్‌ల ఉద్యోగులు కొన్నేళ్ళ గడువు ముగిసేదాకా, లేదా వాటాలు అమ్మేదాకా, లేదా ఉద్యోగం మానేదాకా పన్నును వాయిదా వేసుకోవచ్చు, వీటిలో ఏది ముందైతే అది వర్తిస్తుంది. చాలా స్టార్టప్‌లకు ఆ అర్హత పత్రం లేదు. ఈ వివరాలను, మొత్తం వాటాల్లో తమకు వచ్చేది ఎంత శాతమో సహా, అభ్యర్థికి నిజాయితీగా చెప్పడం కంపెనీ బాధ్యత. కాగితం మీద పెద్ద అంకె చూపి శాతం చెప్పకపోవడం నమ్మకాన్ని మొదటిరోజే దెబ్బతీస్తుంది.

భారతీయ ఐటీ కంపెనీల్లో 90 రోజుల నోటీసు గడువు సాధారణం. ఈ మూడు నెలల్లో అభ్యర్థికి మరో రెండు ఆఫర్లు రావచ్చు, స్టార్టప్ అవసరమే మారిపోవచ్చు. ఈ కాలంలో సంబంధం తెగకుండా నెలకోసారి బృందంతో కలిపించడం, కస్టమర్ల గురించి బహిరంగంగా పంచుకోదగిన సమాచారం ఇవ్వడం మేలు చేస్తాయి. ఆఫర్ ఇచ్చాక కంపెనీ వెనక్కి తగ్గితే, అప్పటికే రాజీనామా చేసిన మనిషి వీధిన పడతాడు. నియామకానికి ముందు నిధులు సరిచూసుకోవడం అందుకే నైతిక బాధ్యత కూడా.

చేరిన తరవాత

చేరిన మొదటి నెలలో రోడ్‌మ్యాప్ మార్చమని ఒత్తిడి చేస్తే కొత్త మనిషి ఊహల మీద నిర్ణయాలు తీసుకుంటారు. కస్టమర్లతో మాట్లాడటం, సపోర్ట్ కాల్స్ వినడం, పాత రిలీజుల చరిత్ర తెలుసుకోవడం ఆ నెల పని కావాలి. రెండు మూడు నెలల్లో చిన్నదైనా పూర్తిగా తమ నిర్ణయంతో ఒక మార్పును వినియోగదారుల దాకా తీసుకెళ్ళాలి. ఆరు నెలలకు నియామకం ఫలించిందో లేదో చెప్పగలగాలి. విడుదలైన ఫీచర్ల సంఖ్య అందుకు కొలమానం కాదు. ఏం కడుతున్నామో, ఎందుకు కడుతున్నామో బృందంలో అందరూ ఒకేలా చెప్పగలుగుతున్నారా, కస్టమర్ల గురించి కంపెనీకి ఇంతకుముందు తెలియని విషయాలు తెలిశాయా అన్నవి మెరుగైన కొలమానాలు.

ఈ దశలో నియామకం విఫలమైతే సాధారణంగా నింద కొత్త మనిషి మీద పడుతుంది. వ్యవస్థాపకులు ముందు రాసుకున్న ఒక పేజీని తీసి చూస్తే కారణం చాలాసార్లు వేరుగా కనిపిస్తుంది. మొదటి భాగంలో అప్పగించిన నిర్ణయాలను తామే మళ్ళీ మళ్ళీ తిరగదోడి ఉంటారు. ఇంజినీర్లు అది గమనించి, ప్రొడక్ట్ మేనేజర్‌ను దాటి నేరుగా వ్యవస్థాపకుల దగ్గరకు వెళ్ళడం అలవాటు చేసుకుని ఉంటారు. అప్పుడు మార్చవలసింది మనిషిని కాదు, అప్పగింతను.

కొనసాగుతున్న వాదాలు

ఈ పదవి అసలు అవసరమా అన్న ప్రశ్న మళ్ళీ ముందుకు వచ్చింది. 2023లో ఎయిర్‌బీఎన్‌బీ అధిపతి బ్రయాన్ చెస్కీ తమ కంపెనీలో సంప్రదాయ ప్రొడక్ట్ మేనేజర్ పనిని ప్రొడక్ట్ మార్కెటింగ్‌తో కలిపేశామని ప్రకటించినప్పుడు, డిజైనర్ల సభలో హర్షధ్వానాలు వచ్చాయి. అక్కడ పని మాయం కాలేదు. దాని ఆకారం మారింది, పెద్ద నిర్ణయాలు అధిపతి చేతిలోకి తిరిగి వెళ్ళాయి. ప్రొడక్టును ఎలా తీర్చిదిద్దాలో స్వయంగా తెలిసిన అధిపతి ఉన్నచోట అది సాధ్యపడింది.

కృత్రిమ మేధ రెండో వాదాన్ని లేపింది. కోడ్ రాయడం వేగవంతమయ్యేకొద్దీ ఏం కట్టాలో తేల్చే పనే అడ్డంకిగా మారుతోందని కృత్రిమ మేధ పరిశోధకుడు ఆండ్రూ ఎన్జీ 2025లో వాదించారు. ఆ లెక్కన ఇంజినీర్లతో పోల్చితే ప్రొడక్ట్ మేనేజర్ల నిష్పత్తి పెరగాలి. ఇంజినీర్లే కస్టమర్లతో మాట్లాడి నిర్ణయించడం నేర్చుకుంటే ప్రత్యేక పదవి తగ్గిపోతుందని మరికొందరి అంచనా. పత్రాలు రాయడం, సమావేశాల సారాంశం తీయడం, ఫిర్యాదులను వర్గీకరించడం లాంటి పనులు యంత్రాలకు వెళ్ళడం ఇప్పటికే మొదలైంది. ఆ పనులే ప్రధానంగా చేస్తున్న ప్రొడక్ట్ మేనేజర్ల స్థానం బలహీనపడుతుంది. నమూనా సాఫ్ట్‌వేర్‌ను స్వయంగా ఒక పూటలో తయారుచేసి కస్టమర్‌కు చూపగలవారి విలువ పెరుగుతుంది. ఇంటర్వ్యూల్లో ఇలాంటి నమూనా తయారీని అడగడం కొన్ని కంపెనీల్లో మొదలైంది.

పదవి పేరు మారినా, ఇంజినీరే ఆ పని చేసినా, వ్యవస్థాపకులే చివరిదాకా మోసినా, ఏం కట్టాలో తేల్చి దానికి జవాబుదారీ వహించేవారు ప్రతి సాఫ్ట్‌వేర్ కంపెనీకీ కావాలి. ఆ బాధ్యతను ముందు కాగితం మీద పెట్టి, దానికి సరిపోయే పనితోనే అభ్యర్థిని పరీక్షించి, అందరినీ ఒకే కొలతతో చూసి, చేరాక మాట ఇచ్చిన మేరకు అధికారాన్ని వదిలిపెట్టే కంపెనీకి ఈ నియామకం ఫలించే అవకాశం ఎక్కువ.